గోడమీది కాగితం, రెండోసారి

మైపాడు రోడ్డులో, ఇందుకూరుపేట దాటినాక
ఎడమచేతి వైపు గట్టెక్కితే రేకుల షెడ్డు.
లోపల ఒక ముసలి కంప్యూటరు.
దానికి లైనక్స్ ఎక్కించింది నేనే.
గోడకు కాగితం అంటించిందీ నేనే:
"మీటరును బ్లూటూత్‌తో కలిపే పద్ధతి. ఏడు మెట్లు."
నాలుగేళ్లు ఉప్పుగాలి తిని
దాని అంచులు అప్పడంలా లేచాయి.

మూడో మెట్టు:
"నంబరు అడుగుతుంది. నాలుగు సున్నాలు కొట్టండి."

ఎంత ధీమాగా రాశానో,
రేపూ ఎల్లుండీ కూడా
అది అడుగుతూనే ఉంటుందన్నట్టు.

ఆషాఢంలో కొత్త మీటర్లు వచ్చాయి, వాటి వెనకే అప్‌డేట్.
ఇప్పుడది సున్నాలు అడగదు.
ఆరంకెలు తానే చూపిస్తుంది,
ఇక్కడ తెర మీద,
అక్కడ గుంటగట్టున కొయ్యకు కట్టిన మీటరు మీద,
వేలిగోరంత అద్దంలో.
రెండూ ఒకటేనా అని అడిగి
మనిషి మాట కోసం ఆగుతుంది.
కాసేపే.
తర్వాత ఏమీ అనకుండా చాలించుకుంటుంది.

ఆ రాత్రి జిలానీ డ్యూటీ. పనిలో చేరి తొమ్మిది రోజులు.
మబ్బు పట్టి గాలి నిలిచిపోయింది,
నీళ్లలో ఊపిరి పడిపోయేది అట్లాంటప్పుడే.
మీటరు చెప్పేది కంప్యూటరు వింటేనే గంట మోగుతుంది.
కాగితం చూశాడు.
సున్నాలు కొట్టే చోటు కోసం వెతికాడు.
తెర మీద ఏదో ప్రశ్న, ఏదో నంబరు.
కాగితంలో లేని ప్రశ్న తనది కాదనుకున్నాడు.
మళ్లీ ఒకటో మెట్టు, మళ్లీ రెండు,
మళ్లీ లేని చోట సున్నాలు.
మూడుంబావుకు టార్చి పట్టుకుని పరిగెత్తితే
నాలుగో గుంటలో రొయ్యలు
మీసాలు బయటపెట్టి నీటి మీదికొచ్చున్నాయి.
ఏరేటర్లు తిరిగేసరికి సగమే మిగిలాయి.

"మీటరు కాడికి పొయ్యి చూస్తే తెలిసేది గదరా"
అన్నారు తెల్లారినాక అందరూ.
"కాగితంలో అట్లా లేదు మేడం"
అన్నాడు నాతో,
నేను రాసిందానికి నాకే సాక్ష్యం చెబుతున్నట్టు.

వారం తర్వాత కొత్తది రాయడానికి కూర్చున్నా.
"పాత జతను ముందు చెరిపెయ్యాలి, రెండు వైపులా.
కంప్యూటరు మరిచినా మీటరు మరవదు.
ఒకరికి గుర్తుండి ఒకరు మరిచిపోతే
ఇక కలవదు."
రాసి, చదువుకుని,
చివరి రెండు లైన్లు కొట్టేశా.
అర్ధరాత్రి తడిచేతులతో చదివేవాడికి
అవి దేనికి?

ట్రస్ట్ అన్న ఆజ్ఞ పక్కన "నమ్మడం" అని రాస్తే
పెంచలయ్య నవ్వాడు:
"మిషను మనల్ని నమ్మాల్నా, మనం మిషన్నా?"
జవాబు రాక, ఆ అయిదక్షరాలు
కీబోర్డు మీద ఉన్నట్టే బొమ్మ గీసి ఊరుకున్నా.

సరిచూడ్డానికి ఆయన్ని గట్టు మీదికి పంపా.
"నాలుగు! సున్నా! తొమ్మిది!"
ఏరేటర్ల హోరు మీదుగా ఒక్కో అంకె నడిచొచ్చింది.
"ఒకటి! ఒకటి! ఏడు!"
నా తెర మీదా అదే.
అప్పుడు అర్థమైంది, ఈ పనికి ఇద్దరుండాలని,
లేదా ఒకడికి రెండు నడకలని.
నా ఏడు మెట్లలో ఎక్కడా నడక లేదు.

పాత కాగితం ఊడదీస్తుంటే
మూడో మెట్టు పక్కన, సందులో, నీలం బాల్‌పెన్ను రాత:
"సున్నాలొద్దు. రెండు చోట్లా నంబరు ఒకటేనా చూడు.
ఒకటే అయితే యస్ కొట్టు. లేకుంటే కొట్టబాక."
కింద తేదీ, ఆ రాత్రికి మర్నాడు.
మేత చల్లే ఖాదర్‌బీ రాత అది.
ఎవరూ ఆమెను అడగలేదు,
ఆమె ఎవరికీ చెప్పలేదు.
వచ్చేవాడికి కనబడే చోట రాసి
మేత బకెట్టెత్తుకుని పోయింది.

మూడో మెట్టుకు నేను రాసుకొచ్చిన పదకొండు లైన్లు తీసేశా.
ఆమెవే ఎక్కించా,
"కొట్టబాక"ను "కొట్టవద్దు" చెయ్యకుండా.

కొత్త కాగితానికి కుడివైపు
నాలుగు వేళ్ల ఖాళీ వదిలా.
మేకుకు పురికొస కట్టి
దాని చివర ఒక పెన్ను వేలాడదీశా.